నాలుగు పాత ఎన్నికల పటాలు, వాటి వెనకవైపు: ఒక కేస్ స్టడీ

పాత కాగితాల సంరక్షణ నా వృత్తి. అచ్చు బొమ్మలు, పత్రికలు, పోస్టర్లు ఎక్కువగా వస్తుంటాయి. ఈ కేసులో బొమ్మల్ని బాగుచేయడానికి పట్టిన సమయం కన్నా, అసలు అవి ఏమిటో తేల్చడానికి పట్టిన సమయం ఎక్కువ. ఆ వరస తిరగబడి ఉంటే, అంటే ముందు శుభ్రం చేసి తర్వాత పరిశీలించి ఉంటే, తేల్చడానికి పనికొచ్చిన ఆధారాల్లో సగం మా చేతులతోనే పోయేవి. రాయడానికి కారణం అదే. సేకర్త ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆయన ఎవరు, ఎక్కడివారు, ఎవరి దగ్గర కొన్నారు అన్నవి వదిలేశాను.

నేపథ్యం

ఆయన అమెరికా అధ్యక్ష ఎన్నికల పాత కార్టూన్లు, ప్రచార పటాలు చాలా కాలంగా సేకరిస్తున్నారు. 1860లో లింకన్ గెలిచిన ఎన్నిక నుంచి 1884లో క్లీవ్‌లాండ్ గెలిచిన ఎన్నిక దాకా ఆయన పరిధి. తెలివైన ఎంపిక అది. ఎందుకంటే ఆ కాలంలో రాజకీయ బొమ్మ జనం చేతికి మూడు వేరువేరు రూపాల్లో వెళ్లింది. మొదట విడి షీట్లు. న్యూయార్క్‌లో క్యూరియర్ అండ్ ఐవ్స్ సంస్థ రాతి మీద గీసిన బొమ్మని లిథోగ్రాఫ్‌గా అచ్చేసి, ఎవరైనా కొనుక్కునే ధరకి అమ్మేది. ఒకే సంస్థ ఒకే ఎన్నికలో అన్ని పక్షాల అభ్యర్థుల్నీ పొగిడే బ్యానర్లూ వేసింది, వాళ్లనే వెక్కిరించే కార్టూన్లూ వేసింది. తర్వాత వారపత్రికలు. 1857లో మొదలైన హార్పర్స్ వీక్లీలో థామస్ నాస్ట్ బొమ్మలు చెక్క దిమ్మల మీద చెక్కి అచ్చేసేవారు. ఆ తర్వాత రంగుల లిథోగ్రఫీ. జోసెఫ్ కెప్లర్ 1876లో జర్మన్ భాషలో, 1877లో ఇంగ్లిష్‌లో మొదలుపెట్టిన పక్ పత్రిక దాన్ని వారం వారం నడిపించింది.

ఈ మూడింటికీ కాగితం వేరు, సిరా వేరు, వచ్చే జబ్బులు వేరు. సేకర్తకి ఆ ఎన్నికల చరిత్ర నాకన్నా ఎంతో బాగా తెలుసు. బొమ్మలో మూలన నిలబడ్డ చిన్న మనిషి ఎవరో కూడా చెప్పగలరు. కానీ షీట్‌ని వస్తువుగా చూసే అలవాటు ఆయనకి లేదు. ఆయనకి బొమ్మ ముఖ్యం. అందులో తప్పేమీ లేదు, చాలామంది మంచి సేకర్తలు అలాగే మొదలవుతారు.

వచ్చిన సమస్య

ఒక పాత సేకరణ అమ్మకానికి వస్తే, అందులోంచి ఆయన నాలుగు ఫ్రేములు కొన్నారు. ఒకటి, క్యూరియర్ అండ్ ఐవ్స్ వారి 1860 కార్టూన్ 'ది రెయిల్ క్యాండిడేట్'. రెండు, అదే సంస్థ పేరుతో ఉన్న 1864 ప్రచార బ్యానర్, లింకన్, ఆండ్రూ జాన్సన్‌ల బొమ్మలతో. మూడు, హార్పర్స్ వీక్లీ 1874 నవంబర్ 7 సంచికలో వచ్చిన నాస్ట్ కార్టూన్ 'థర్డ్ టర్మ్ పానిక్'. నాలుగు, పక్ 1884 జూన్ 4 సంచిక మధ్యపేజీల బొమ్మ, బెర్నార్డ్ గిల్లమ్ గీసినది.

ఒక ప్రదర్శనకి వీటిని అరువిస్తానని ఆయన మాటిచ్చారు. నా దగ్గరికి వచ్చి అడిగింది సూటిగా ఒకటే: "నాలుగూ ఒకే గోడ మీద పక్కపక్కన ఉంటాయండి. పసుపు పోయి, మచ్చలు పోయి, అన్నీ ఒకేలా కళగా కనిపించాలి." ఫ్రేములు కట్టేవారు ఒకరు అంతకు ముందే 1860 షీట్‌ని బ్లీచ్ చేయమని, పక్ బొమ్మ అంచులు కత్తిరించమని సలహా ఇచ్చారట.

ప్రదర్శనవాళ్లు పంపిన ఫారంలో ఒక్కో వస్తువుకీ ముద్రణ పద్ధతి, తేదీ, రంగులు మూలంలో ఉన్నవా తర్వాత వేసినవా, ప్రస్తుత స్థితి రాయాలి. ఆయన అమ్మినవారి వర్ణనల్నే అందులో ఎక్కించారు. రెండు చోట్ల నేను ఆగిపోయాను. బ్యానర్ దగ్గర 'అసలు లిథోగ్రాఫ్, ప్రకాశవంతమైన రంగులు' అని ఉంది. నాస్ట్ బొమ్మ దగ్గర 'ఆ కాలంలోనే చేత్తో రంగులు వేసినది' అని ఉంది.

నాస్ట్ బొమ్మ విషయంలో నా అనుమానానికి కారణం మామూలుదే. 1874లో హార్పర్స్ వీక్లీ నల్ల సిరాతోనే అచ్చయ్యేది. దాని పేజీ మీద రంగు కనిపిస్తే, అది అచ్చయ్యాక ఎవరో వేసినదే. ఎప్పుడు వేశారన్నదే ప్రశ్న. పైగా ఈ బొమ్మ అలాంటిలాంటిది కాదు. గ్రాంట్ మూడోసారి అధ్యక్షుడవుతాడన్న భయాన్ని వెక్కిరిస్తూ, సింహం తోలు కప్పుకున్న గాడిదని చూసి అడవి జంతువులన్నీ బెదిరినట్టు గీశాడు నాస్ట్. ఆ బెదిరిన జంతువుల్లో 'రిపబ్లికన్ ఓటు' అని రాసి ఉన్న ఏనుగు ఒకటి. ఆ పార్టీకి ఏనుగు గుర్తుగా నిలిచిపోవడానికి ఈ బొమ్మే మొదలని చెబుతారు. అంత పేరున్న బొమ్మని తర్వాత తరాలు మళ్లీమళ్లీ అచ్చేసుకుంటాయి. కాబట్టి రంగు సంగతి తర్వాత, ముందు ఈ షీట్ 1874దేనా అన్నది కూడా ప్రశ్నే.

మరమ్మతు గురించి ఇప్పుడే మాట్లాడనని ఆయనకి చెప్పాను. మొదట ఇది ఏ కాగితం, తర్వాత దీనికి ఏమేం జరిగింది, ఆ తర్వాతే ఏం చేయాలన్నది. ఆయనకి కొంచెం చిరాకొచ్చింది. ప్రదర్శన తేదీ దగ్గర పడుతోందని టెన్షన్ ఉంది కదా. అయినా సరేనన్నారు.

బ్యానర్

దీని సంగతి త్వరగానే తేలింది. ఫ్రేము విప్పి, పదింతలు చూపే భూతద్దం పెట్టగానే ఎరుపు, నీలం, పసుపు, నలుపు చుక్కలు వరసలు కట్టి, పూలరేకుల్లా అల్లుకుని కనిపించాయి. అది ఆఫ్‌సెట్ ముద్రణ, 20వ శతాబ్దపు కాపీ. రాతి మీద క్రేయాన్‌తో గీసిన గీత అలా ఉండదు. రాతి గరుకుకి సిరా పట్టిన చోట పట్టి, పట్టని చోట వదిలేస్తుంది. గింజలు చిన్నా పెద్దా కలిసి, వరస లేకుండా పడతాయి. రంగుల విషయమూ అంతే. క్యూరియర్ అండ్ ఐవ్స్ దగ్గర నల్లని అచ్చు మీద ఆడవాళ్లు వరసగా కూర్చుని తలా ఒక రంగు వేసేవారు. చేత్తో వేసిన రంగు అక్కడక్కడ గీత దాటుతుంది, ఒక చోట చిక్కగా, ఒక చోట పలచగా ఉంటుంది. ఈ షీట్‌లో రంగు కూడా చుక్కలతోనే ఏర్పడింది.

అమ్మినవారు కావాలనే మోసం చేశారని నేను అనుకోవడం లేదు. ఈ సంస్థ బొమ్మల్ని క్యాలెండర్లకీ ఇళ్ల గోడలకీ లెక్కలేనన్ని సార్లు మళ్లీ అచ్చేశారు. సంస్థ పేరు, అడ్రసు, కాపీరైట్ వాక్యం కూడా బొమ్మతో పాటు కాపీలోకి వచ్చేస్తాయి. అందుకే కింద రాసి ఉన్నదాన్ని చదివి వయసు నిర్ణయించకూడదు. సేకర్త ఎక్కువగా ఇష్టపడి కొన్నది ఇదే. చాలాసేపు మౌనంగా భూతద్దంలోంచి చూశారు. తర్వాత 1860 షీట్ తీసుకుని దాన్నీ అలాగే చూశారు. రెండింటి తేడా ఆయన కళ్లకే దొరికింది. నేను ఎంత వివరించినా అంత బాగా ఎక్కేది కాదు.

నాస్ట్ బొమ్మ: పనిచేయనివి

ఇక్కడ భూతద్దం సరిపోలేదు. చుక్కలు లేవు. చుక్కలు లేకపోతే అసలేనని చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ నాస్ట్ బొమ్మంతా గీతలే. గీతల బొమ్మని ఫొటో తీసి లోహపు బ్లాకుగా మార్చి అచ్చేస్తే, అందులోనూ చుక్కలు రావు. అంటే చుక్కలు లేకపోవడం ఆఫ్‌సెట్ రంగుల కాపీ కాదని మాత్రమే చెబుతుంది, 1874 షీట్ అని చెప్పదు. బొమ్మలో సన్నని తెల్లని అతుకు గీతలు కూడా కనిపించాయి. ఆ రోజుల్లో చిన్నచిన్న చెక్క ముక్కల్ని బోల్టులతో కలిపి పెద్ద దిమ్మ చేసేవారు, ముక్కలు విడదీసి వేరువేరు పనివాళ్లు చెక్కేవారు, మళ్లీ కలిపిన చోట ఇలాంటి గీత మిగిలేది. చూడముచ్చటైన ఆధారమే. కానీ ఫొటో తీసిన కాపీలో ఆ గీత కూడా వస్తుంది.

అతినీలలోహిత దీపం కింద పెట్టాను. సుమారు 1950 తర్వాతి కాగితాల్లో తెల్లదనం కోసం కలిపే పదార్థాలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. ఇది మెరవలేదు. అంటే అప్పటికన్నా పాతది కావచ్చు. లేదా ఆ పదార్థాలు కలపని కొత్త కాగితం కావచ్చు.

పెద్ద గ్రంథాలయాలు ఆన్‌లైన్‌లో పెట్టిన స్కాన్లతో పోల్చాం. బొమ్మ గీత గీతకీ సరిపోయింది. మంచి కాపీ అయినా అలాగే సరిపోతుంది కాబట్టి దాంతో ముందుకు కదల్లేదు. స్కాన్‌లో బొమ్మ కనిపిస్తుంది గాని, కాగితం మందం, అచ్చు లోతు కనిపించవు. అమ్మినవారిని అడిగితే పాత ఫ్రేము మీది చీటీ ఫొటో ఒకటి పంపారు. దాని మీద రాసింది కూడా 'చేతి రంగులు' అనే. ఎవరు రాశారో, ఏ ఆధారంతో రాశారో లేదు.

ఇక మిగిలింది వెనకవైపు. వారపత్రిక పేజీకి రెండో వైపున ఏదో ఒకటి అచ్చయి ఉండాలి. పైగా దిమ్మనీ అక్షరాల్నీ కాగితం మీద నొక్కి అచ్చేసినప్పుడు వెనక ఆ నొక్కు చేతికి తగులుతుంది. ఈ రెండూ చూస్తే వయసు తేలిపోతుంది. కానీ షీట్‌ని మొత్తంగా ఒక మందపాటి గోధుమరంగు అట్టకి అతికించేశారు.

అట్ట తీయాలా వద్దా

ఈ కేసులో నేను ఎక్కువగా ఆలోచించింది ఈ నిర్ణయం దగ్గరే.

తీయడానికి కారణాలు రెండు. చౌక చెక్క గుజ్జుతో చేసిన అట్టలో ఆమ్లం ఉంటుంది, అది అతుక్కున్న కాగితంలోకి దిగి దాన్నీ పెళుసు చేస్తుంది. అట్ట ఒక మూల ఇప్పటికే పగిలింది, పగులుతో పాటు బొమ్మ కాగితం కూడా చీలింది. కాబట్టి వయసు ప్రశ్న లేకపోయినా అట్ట పోవాల్సిందే. రెండోది, పైన చెప్పిన ఆధారం.

తీయకపోవడానికి కారణం ఒక్కటే, కానీ బలమైనది. రంగులు. సన్నని కుంచె చివర ఒక తడి చుక్కతో ప్రతి రంగునీ కనిపించని చోట పరీక్షించాను. గోధుమరంగు, ఆకుపచ్చ కదల్లేదు. ఎరుపు వెంటనే బ్లాటింగ్ కాగితానికి అంటుకుంది. మామూలుగా ఇలాంటి అతుకుని తేమతో మెత్తబరిచి విడదీస్తాం. ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. పలచని తేమ పొర దాటించే గుడ్డతో, కొంచెం కొంచెంగా అయినా చేయొచ్చేమోనని ఎరుపు లేని అంచున చూశాను. కాగితం తేమ పీల్చుకుని పొంగింది, అట్ట పొంగలేదు, అంచు ముడతపడబోయింది. అక్కడే ఆపేశాను.

అందుకని మధ్యేమార్గం ఎంచుకున్నాం. మొత్తం తీసే నిర్ణయానికి ముందు, బొమ్మ లేని ఖాళీ అంచు ఉన్న ఒక మూలన వెనక నుంచి అట్టని పొడిగానే పొరలు పొరలుగా లేపి, కాగితం దాకా వెళ్లి చూడటం. అక్కడ ఏమీ అచ్చు లేకపోతే ఇది పత్రిక పేజీ కాదన్న అనుమానం బలపడుతుంది. అప్పుడు ఎంత శ్రమ పెట్టాలన్న లెక్కే మారిపోతుంది. అచ్చు ఉంటే శ్రమకి తగిన కారణం దొరుకుతుంది. సేకర్త కూర్చుని చూస్తుండగానే ఈ పని చేశాను. ఫలితం ఆయన కళ్లముందే రావాలని నా కోరిక.

చివరి పొర కింద చిన్న అక్షరాల వరసలు కనిపించాయి. నాలుగైదు వాక్యాల ముక్కలు చదవగలిగాం. అదే సంచిక స్కాన్‌లో ఈ బొమ్మ వెనక పేజీ తెరిస్తే, అదే మూలన అవే మాటలు, అవే చోట్ల విరిగిన వాక్యాలు. వేలితో తడిమితే నొక్కు కూడా తెలిసింది. షీట్ 1874దే.

ఇక మొత్తం అట్ట తీయడానికి సందేహించలేదు. వెనక నుంచి చాకు లాంటి సన్నని స్పాచులాతో పొడిగా పొరలు తీస్తూ వెళ్లాను. చివర మిగిలిన పల్చని పొర, దాని కింద పాత జంతు జిగురు. వాటికి మాత్రం మిథైల్ సెల్యులోజ్ జెల్‌ని చిన్నచిన్న ముక్కలుగా పెట్టి, జిగురు మెత్తబడగానే గీకేశాను. జెల్‌లో నీరుంది గాని మెల్లగా వదులుతుంది, ముందువైపుకి చేరకముందే తీసేయొచ్చు. ఎరుపు ఉన్న చోట్ల వెనక జెల్ కూడా వాడలేదు. అక్కడ జిగురు పొర పలచగా మిగిలే ఉంది. అది మిగిలిపోవడం నాకు సమ్మతమే.

రంగు ఎప్పటిది

షీట్ అసలుదని తేలాక రంగు ప్రశ్న ఇంకా పదునెక్కింది. 1874లోనే పాఠకుడు ఎవరైనా రంగులు వేసుకుని ఉండొచ్చు కదా అని సేకర్త అడిగారు. న్యాయమైన ప్రశ్న.

జవాబు మడత దగ్గర దొరికింది. పేజీకి అడ్డంగా పాత మడత ఒకటుంది. పత్రిక చాలా కాలం మడిచే ఉందనడానికి గుర్తుగా, మడత మీద కాగితం పై పొర పగిలి, పీచు బయటికి వచ్చింది. ఆ పగులులోకి ఆకుపచ్చ రంగు దిగింది. పీచు చివర్లకి కూడా పట్టింది. ముందు రంగు వేసి తర్వాత మడత పగిలి ఉంటే, పగులులో రంగు లేని పీచు కనిపించాలి. అంతే కాదు. పై అంచున నీటి మరక ఒకటుంది, దాని గోధుమ గీత ఎర్రరంగు కింద నుంచి వెళ్తోంది. చుక్క నీటికే కదిలే ఎరుపు ఆ మరక పడినప్పుడు అక్కడ ఉండి ఉంటే, అది కూడా కరిగి పాకేది. పాకలేదు. అంటే కాగితం వాడి, మడతపడి, తడిసి, ఆరిన తర్వాతే రంగు వేశారు. బహుశా ఫ్రేము కట్టించే సమయంలో.

ప్రయోగశాలలో రంగు పదార్థాల్ని విశ్లేషిస్తే ఇంకా ఖచ్చితంగా తెలిసేది. టైటానియం తెలుపు కనిపిస్తే అది 20వ శతాబ్దపు రంగు అని చెప్పేయొచ్చు. ఆ ఖర్చు అవసరం లేదని నేనే చెప్పాను. ఫారంలో రాయాల్సిన మాటకి ఈ ఆధారం చాలు: 'అసలు పత్రిక పేజీ, రంగులు తర్వాతి కాలంలో చేత్తో వేసినవి'.

ఆ రంగు తీసేయొచ్చా అని ఆయన అడిగారు. నా వృత్తిలో దీని మీద ఏకాభిప్రాయం లేదు. మూలరూపానికి తేవాలనేవారు ఉన్నారు. నేను వద్దన్నాను. ఎరుపు పోయినా మిగతా రెండూ పోవు, బొమ్మ మచ్చలమచ్చలుగా మిగులుతుంది. తడి పెడితే వెనక అచ్చూ కాగితమూ నలుగుతాయి. ఇవన్నీ లేకపోయినా, ఒక తరం ఈ కార్టూన్‌ని గోడకి పెట్టుకోదగ్గ బొమ్మగా చూసిందన్నది కూడా ఆ షీట్ చరిత్రలో భాగమేనని నా నమ్మకం. రంగు ఉండటం వల్ల నష్టం లేదు, దాని వయసు గురించి తప్పు రాస్తేనే నష్టం.

1860 షీట్: శుభ్రం చేయకపోవడం

'ది రెయిల్ క్యాండిడేట్' నిజమైన లిథోగ్రాఫ్, రంగులు లేనిది. ఆ సంస్థ కార్టూన్లు చాలావరకు నలుపులోనే అమ్ముడయ్యాయి కాబట్టి రంగు లేకపోవడం లోపం కాదు. కంచె దుంగలు చీల్చిన కూలీగా లింకన్‌కి ఆ ఏడాది ప్రచారంలో వచ్చిన పేరునే తిప్పికొడుతూ, ఆయన్ని 'రిపబ్లికన్ విధానం' అనే దుంగ మీద ఇబ్బందిగా కూర్చోబెట్టిన బొమ్మ ఇది. కాగితం పసుపుబారింది, పాత మౌంటు (బొమ్మ చుట్టూ పెట్టే కిటికీ లాంటి అట్ట) అంచున నాలుగు వైపులా గోధుమ గీత పడింది.

ఈ సిరాలో జిడ్డు ఉంటుంది, నీటికి కదలదు. గుడ్డపీచు కాగితం గట్టిదే. నీటిలో తేలించి కడిగితే పసుపులో కొంత వస్తుందని నాకు తెలుసు, అలాగే చేద్దామనుకున్నాను. ఫ్రేములోంచి తీశాక వెనక కింది మూలన ఊదారంగు ముద్ర ఒకటి కనిపించింది. పూర్వపు సేకర్తది కావచ్చు, రెండు అక్షరాలు, చుట్టూ వలయం. తడి పరీక్షలో ఊదారంగు వెంటనే కదిలింది.

ముద్రని తాత్కాలికంగా మైనం లాంటి పొరతో కప్పి కడిగే పద్ధతి ఉంది. సైక్లోడోడెకేన్ వాడతాం, అది తర్వాత తనంతట తానే ఆవిరైపోతుంది. కానీ అంత పలచని సిరా కాగితం లోపలికి ఎంత దూరం దిగిందో చెప్పలేం. కింద నుంచి నీరు చేరి ముద్ర చెదిరితే, ఈ షీట్ గతానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం పోతుంది. మరోవైపు ఆ పసుపు వల్ల కాగితానికి తక్షణ ప్రమాదం లేదు. చేత్తో కొంచెం వంచితే విరగకుండా వంగుతోంది. అందుకని పొడిగా, మెత్తని రబ్బరు పొడితో దుమ్ము తీసి, ఆమ్లం లేని కొత్త మౌంటు పెట్టాను. బ్లీచ్ ప్రశ్నే లేదు. అది పీచుని బలహీనపరుస్తుంది, అవశేషాలు మిగిలితే పసుపు మళ్లీ వస్తుంది, పైగా ఈ కాగితం అచ్చయిన రోజున కూడా ఇప్పటి కాగితమంత తెల్లగా లేదు.

గోధుమ గీతని కప్పేలా చిన్న కిటికీ పెట్టమన్నారు ఆయన. పెడితే కింద ఉన్న ప్రచురణ వాక్యం, కాపీరైట్ నమోదు కూడా మరుగున పడతాయి. గీత కనిపించినా పర్వాలేదని, అంచుల దాకా తెరిచే పెట్టాం. దీనికి ఆయన్ని ఒప్పించడం కష్టమైంది. నిజం చెప్పాలంటే, గోడ మీద కళగా కనిపించాలన్న ఆయన కోరిక ఈ షీట్ విషయంలో తీరలేదు.

పక్ బొమ్మ

రిపబ్లికన్ నాయకుడు బ్లెయిన్‌ని ఒళ్లంతా కుంభకోణాల పచ్చబొట్లతో నిలబెట్టిన బొమ్మ ఇది, గ్రీకు కథలో న్యాయమూర్తుల ముందు వస్త్రం తొలగించి నిలబెట్టిన ఫ్రైనీ అనే స్త్రీ విచారణ సన్నివేశంలా అమర్చింది. రంగుల గురించి సందేహం లేదు, రంగుల్లోనే అచ్చయింది. సమస్య మధ్య మడత. అది చీలితే ఎవరో పారదర్శక టేపు అతికించారు. టేపు ఎండి ఊడొస్తోంది, జిగురు కాగితంలో గోధుమరంగు చారగా మిగిలింది. గోరువెచ్చని స్పాచులాతో టేపు సులువుగా వచ్చింది. జిగురు కోసం ద్రావకం పరీక్షిస్తే ఎర్ర సిరా దూదికి అంటింది. కాబట్టి పైన ఉన్నంత జిగురు క్రేప్ రబ్బరుతో ఎత్తి, లోపలి మరకని వదిలేశాను. వెనక నుంచి పలచని జపాన్ కాగితం, గోధుమ పిండి జిగురుతో మడతని కట్టాను.

మధ్యలో కుట్టు రంధ్రాలున్నాయి. వాటిని పూడ్చలేదు, అంచులు కత్తిరించనివ్వలేదు. ఇది పత్రిక మధ్య నుంచి వచ్చిందని చెప్పేవి ఆ రంధ్రాలు, ఆ అంచులే. కాగితం పెళుసు కాబట్టి నిలువుగా వేలాడదీయొద్దని, పాలియెస్టర్ ఫిల్మ్ మధ్య పెట్టి బల్ల పెట్టెలో పడుకోబెట్టి చూపమని ప్రదర్శనవాళ్లకి రాశాను.

ఏం మిగిలింది, ఏం నేర్చుకున్నాం

నాలుగూ ఒకే గోడ మీద ఒకేలా మెరవాలన్నది మొదటి కోరిక. చివరికి గోడ మీదికి రెండే వెళ్లాయి, 1860 షీట్, నాస్ట్ పేజీ. పక్ బొమ్మ బల్ల పెట్టెలోకి వెళ్లింది. బ్యానర్‌ని ఆయన జాబితాలోంచి తీసేశారు. వెలుతురు 50 లక్స్ దాటకూడదని షరతు పెట్టాం. నాస్ట్ పేజీ మీది ఎరుపు నీటికే కాదు, వెలుతురుకీ నిలవదేమోనని నా భయం.

ఇలాంటి బొమ్మల వ్యాపారంలో అందరి కళ్లూ ముందువైపే ఉంటాయి. ఎంత ప్రకాశంగా ఉంటే అంత ధర. ఈ నాలుగింటిలో అన్నిటికన్నా ప్రకాశంగా ఉన్నది కాపీ. దాని తర్వాతది తర్వాత రంగులు పూసినది. ఇది అన్నిచోట్లా నిజమని అనను. కానీ పాత ప్రచార కాగితం మరీ తాజాగా కనిపిస్తే ముందు ఫ్రేము విప్పించాలని నేను గట్టిగా చెబుతాను. అలాగే ఒక పరీక్ష ఏది రుజువు చేస్తుందో, ఏది చేయదో వేరుచేసి రాసుకోవడం అవసరం. నాస్ట్ పేజీ విషయంలో భూతద్దం, దీపం, స్కాన్లు మూడూ 'అసలుదే కావచ్చు' అన్నాయి. మూడు 'కావచ్చు'లు కలిస్తే 'అవును' అయిపోతుందని అనిపించడం సహజం. ఇది తర్వాతి కాపీ కావచ్చన్న ఒకే సంగతిని అవి మూడూ తోసిపుచ్చలేకపోయాయి, అంతే. దాన్ని తోసిపుచ్చినవి వెనక ఉన్న అక్షరాలు.

మచ్చల్ని లోపాలుగా మాత్రమే చూసి ఉంటే రంగు వయసు తేలేది కాదు. నీటి మరకని ముందే కడిగేసి, మడతని ముందే పూడ్చి ఉంటే, పగులులోకి దిగిన రంగుని ఎవరూ చూసేవారు కాదు. అందుకే ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ఏ షీట్‌కైనా మడతలు, మరకలు, రంధ్రాలు, ముద్రలు పక్కవాటు వెలుతురులో ఫొటోలు తీసి, ఒక్కోటి ఏది ముందు ఏది తర్వాత జరిగిందో వరస రాసుకున్నాకే పని మొదలుపెడుతున్నాను.

సేకర్త కూడా కొనే పద్ధతి మార్చుకున్నారు. ఫ్రేము బయట తీసిన వెనకవైపు ఫొటో, నాలుగు అంచులూ కనిపించే ఫొటో, పక్కన స్కేలు పెట్టిన ఫొటో, రంగు ఉన్న చోట భూతద్దంలోంచి తీసిన ఫొటో అడుగుతున్నారు. ఫ్రేము విప్పడం కుదరదంటే ఆ వర్ణనలోని ముద్రణ పద్ధతినీ తేదీనీ లెక్కలోకి తీసుకోకుండా, బొమ్మకి మాత్రమే ఎంత ఇవ్వొచ్చో ఆలోచించి ధర చెబుతున్నారు.